దేవమ్మ ఎడమకాలు

జహీరాబాద్ ధాన్యం గంజ్ వెనక సందులో మాణిక్ ఇంటి గడప ముందు తెల్లవారకముందే ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. ఊరికి కొత్తగా వచ్చినవాడెవడైనా చూస్తే శవాన్ని బయట వేశారనుకుని జడుసుకునేవాడు. అది శవం కాదు, నడుము పట్టేసిన మనిషి. లోపలి నుంచి మాణిక్ పెండ్లాం దేవమ్మ వచ్చి, ముఖం కూడా కడుక్కోకుండా, ఒక్క మాట మాట్లాడకుండా, ఎడమకాలితో ఆ నడుము మీద మూడుసార్లు తన్ని లోపలికి వెళ్ళిపోయేది. తన్నించుకున్నవాడు కాసేపు మూలిగి, లేచి, దుమ్ము దులుపుకుని తన దారిన తాను పోవాలి. వెనక్కి తిరిగి చూస్తే నొప్పి మళ్ళీ వెంట వస్తుందట.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుము నొప్పి పోతుందని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చి, తల్లిని చావుదాకా తీసుకుపోయి భూమ్మీద పడ్డవాళ్ళకు దేవుడు ఆ ఒక్క వరం ఇచ్చాడని నమ్మకం. న్యాల్‌కల్ అవతలి నుంచి వచ్చే మరాఠీవాళ్ళు అటువంటివాళ్ళను పాయాళు అంటారు. వాళ్ళూ దేవమ్మ గడపకు వచ్చేవాళ్ళు. రాయికోడ్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. పగలు బజారులో ఎదురుపడితే పలకరించని పెద్దింటివాళ్ళు కూడా పొద్దున ఆమె కాలికింద పడుకుని, ఇంటికి పోయి తలంటుకుని స్నానం చేసేవాళ్ళు. అందుకు డబ్బు మాత్రం ముట్టకూడదు, ముడితే కాలిలో గుణం పోతుంది. ఈ నియమం పెట్టినవాడెవడో గాని, వాడికి తప్పకుండా నడుము నొప్పి ఉండి ఉంటుంది.

ఇంతమందికి ఇన్ని సంగతులు తెలుసు గాని, ఒక్కటి తెలియదు. దేవమ్మ ఎదురుకాళ్ళతో పుట్టలేదు. అందరిలాగే బుద్ధిగా తల ముందు పెట్టుకునే పుట్టింది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు ఆమెకు పెళ్ళీడు వచ్చింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పెట్టి, ఒక కంట్లో పువ్వు వేసిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నీళ్ళు తాగి లేచిపోయేవాళ్ళు. అట్లాంటి రోజుల్లో జహీరాబాద్ నుంచి పార్వతమ్మ అనే ఒక ముసలామె, నడుము రెండుగా వంగిపోయి, కట్టె ఊతంతో వాళ్ళ అరుగు మీద కూర్చుంది. ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్ల ఎక్కడైనా ఉంటే చెప్పండి, నలుపో తెలుపో చూడను, నా కొడుక్కి చేసుకుంటాను అంది. దేవమ్మ తల్లి నారమ్మ మంచినీళ్ళ చెంబు చేతికిస్తూ, ఇదిగో నా బిడ్డే ఉంది కదా అనేసింది. ఆ మాట అనేదాకా ఆ మాట అంటానని ఆమెకూ తెలియదు. పురుడు పోసిన మంత్రసాని అప్పటికే పోయింది. కాదనేవాళ్ళు లేరు.

నలుగు పెట్టేటప్పుడు నారమ్మ బిడ్డ చెవిలో అసలు సంగతి చెప్పింది.

"ఎవలడిగినా కాళ్ళతోనే వచ్చిన అను. నీకూ నాకూ తప్ప ఎవలికి ఎరుకలేదు. నేను వోయినంక నీ ఒక్కదానికే ఎరుక."

అత్తగారింట్లో మొదటి పొద్దునే పార్వతమ్మ గడప ముందు బోర్లా పడుకుంది. కొత్తకోడలు కాలెత్తింది. ఆ వారం తిరగకముందే పార్వతమ్మ నిటారుగా నిలబడింది. కట్టెను పొయ్యిలో పెట్టి దానిమీదే అన్నం వండింది. దేవమ్మ బిత్తరపోయింది. అమ్మ తనకు చెప్పిందే అబద్ధమేమో, తాను నిజంగానే ఎదురుకాళ్ళ మనిషేమో అనుకుంటూ చాలా కాలం తన కాలివంక తానే అనుమానంగా చూసుకునేది.

ఏళ్ళు గడిచిన కొద్దీ సంగతి తెలిసివచ్చింది. నడుము పట్టిన మొదటిరోజే ఎవరూ ఆమె దగ్గరికి రారు. ఆముదం రాస్తారు, ఇసుక మూటతో కాపడం పెడతారు, హకీం ఇచ్చిన నూనె రుద్దుతారు, కొమ్ము పెట్టించి చెడ్డ రక్తం తీయిస్తారు. అన్నీ అయ్యాక, నొప్పి తనంతట తాను పోదామని మూట కట్టుకునే వేళకు, దేవమ్మ కాలు కావలసి వస్తుంది. ఇక తగ్గనివాళ్ళంటారా, వాళ్ళు మళ్ళీ రారు, వచ్చి చెప్పరు. తగ్గినవాళ్ళే పదిమందికి చెప్తారు. ఆమె పేరు అట్లా పెరిగింది. ఆమె కాదనలేదు. ముఖం చూసి తప్పుకునే మనుషులు కాలికింద పడుకుంటుంటే, ఆమెకూ లోలోపల కొంచెం బాగానే ఉండేది. అది తప్పంటే తప్పే.

ఊరంతా ఆమె చేత తన్నించుకుంది గాని మాణిక్ ఒక్కడు తన్నించుకోలేదు. పెండ్లాం కాలు మొగుడికి తగిలితే మహాపాపం. నిద్రలో పొరపాటున కాలు తగిలినా దేవమ్మ లేచి అతని పాదం తాకి కళ్ళకద్దుకునేది. మాణిక్ గంజ్‌లో హమాలీ. నిండు బస్తా వీపున వేసుకుని పాట పాడుకుంటూ నడిచే మనిషి. ఊరంతా నా పెండ్లాంతోని తన్నులు తింటది, నేనొక్కన్నే తప్పించుకున్న అని ముఠాలో నవ్వించేవాడు. పెళ్ళయిన కొత్తలో, ముఖం దాచుకుంటూ తిరుగుతున్న ఆమెతో అతను ఒక మాట అన్నాడు.

"కాళ్ళు సూసి చేసుకున్నది మా అవ్వ. నేను నిన్ను సూసి చేసుకున్న."

ఆ ఒక్క మాట కోసం దేవమ్మ అతనికి ప్రాణమైనా ఇచ్చేది. పిల్లలు నిలవలేదు. ఉన్నది అతనొక్కడే.

కొత్త పైసలు వచ్చి నాలుగైదేళ్ళయి ఉంటుంది. కందులు గంజ్‌కు వచ్చే సుగ్గి రోజులు. రామ్‌కిషన్ సేటు దుకాణం ముందు బొంబాయి పోయే లారీకి బస్తాలు ఎక్కిస్తున్నారు. మాణిక్ బస్తాతో, లారీకి ఆనించిన చెక్క పలక మీద నడుస్తుండగా పలక జారింది. అతను కింద పడ్డాడు, బస్తా అతని మీద పడింది. ముఠాలో అతని జతగాడు షరీఫ్ బస్తాను తన్ని పక్కకు దొర్లించి, మనిషిని తలుపు రెక్క మీద పడుకోబెట్టించి సర్కారు దవాఖానకు మోయించుకుపోయాడు.

డాక్టరు మాణిక్ అరికాళ్ళలో సూదితో గుచ్చి చూశాడు. మాణిక్ కెవ్వుమన్నాడు. ఆ అరుపు విని డాక్టరు సంతోషించాడు. తరవాత దేవమ్మను పిలిచి, ఆమెకు అర్థమయ్యేలా నింపాదిగా చెప్పాడు. వెన్నుపూస చిట్లింది, ఇంకా విరగలేదు. ఇంటికి తీసుకుపోయి గట్టి చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. నేను చెప్పేదాకా కూర్చోనివ్వొద్దు, లేవనివ్వొద్దు. ఎండాకాలం దాకా అట్లా ఉంటే మళ్ళీ నడుస్తాడు. ముందే లేచి బరువెత్తితే కాళ్ళు రెండూ పడిపోతాయి, తరవాత పట్నం తీసుకుపోయినా ఎవరూ ఏమీ చెయ్యలేరు. దేవమ్మ ఆ మాటలను కొంగున ముడేసుకున్నంత జాగ్రత్తగా మనసులో పెట్టుకుంది.

ఆమె అతన్ని కదలనివ్వలేదు. తినిపించింది, తుడిచింది, అన్నీ పడకలోనే చేసింది. మాణిక్ చిన్నపిల్లాడిలా సిగ్గుపడుతూ చేయించుకున్నాడు. పార్వతమ్మకు మాత్రం ఈ వైద్యం మింగుడుపడలేదు. సూది ఇయ్యలేదు, సీసాలో మందు ఇయ్యలేదు, పండుకొమ్మన్నాడు. పండుకుంటే తగ్గేదానికి డాక్టరెందుకని ఆమె వాదన. అన్సార్ హకీం నూనె వచ్చింది. కొమ్ము పెట్టేవాడు వచ్చాడు. మనిషిని కదిలించని వైద్యాలన్నిటికీ దేవమ్మ ఊ అంది. మోకాలు వీపున ఆనించి చేతులు వెనక్కి గుంజేవాడు వస్తే మాత్రం గడప దగ్గరే నిలబడి పంపించేసింది. ఇంతలో సేటు గుమాస్తా కబురు తెచ్చాడు. సుగ్గి అయ్యేలోపు రాకపోతే మాణిక్ జాగాలో ఇంకొకడిని పెట్టుకుంటారట. షరీఫ్ వచ్చి, నేను నీ జాగా చూసుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నాడు. మాణిక్ పైకి నవ్వాడు గాని ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

ఇక వీధిలో అందరి కళ్ళూ దేవమ్మ కాలి మీద పడ్డాయి. దేశమంతా వచ్చి బాగుచేయించుకుపోతుంటే ఇంటి మనిషి మూలనపడి ఉండడమేమిటని ఒకటే మాట. మొగుడికి కాలు తగిలే పాపం సంగతి పార్వతమ్మ వెళ్ళి గుడి అయ్యగారిని అడిగింది. ఆయన ఉపాయం చెప్పాడు. పుస్తె తీసి దేవుడి ముందు పెట్టాలి, కాలి మెట్టెలు తీయాలి. ఆ కాసేపూ ఆమె అతని పెండ్లాం కాదు, అది పెండ్లాం కాలూ కాదు. పని కాగానే మళ్ళీ కట్టించుకోవాలి. ఎంత తేలిక. శాస్త్రం తెలిసినవాళ్ళకు ప్రతి గోడలోనూ ఒక తలుపు కనిపిస్తుంది.

దేవమ్మ పొయ్యి దగ్గర కూర్చున్న అత్త పక్కన చేరి, ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది చెప్పేసింది. తాను ఎదురుకాళ్ళతో పుట్టలేదని, తన తల్లి అబద్ధమాడిందని, తన కాలిలో ఏమీ లేదని చెప్పింది. తిట్టినా కొట్టినా పడదామని తల వంచుకుంది. పార్వతమ్మ తిట్టలేదు. నెమ్మదిగా లేచి, పొయ్యి పక్కన నిటారుగా నిలబడింది.

"నా నడుము సూసి చెప్పు ఆ మాట."

పార్వతమ్మ కోడలి తల నిమిరింది. పుస్తె తీయాలంటే ఏ ఆడదానికైనా భయమే, భయానికి నోటికి వచ్చింది అంటున్నావు, ఆ పాపం ఏదో నా మీద పడనీ అని ఓదార్చింది. ఆ ఓదార్పు కంటే చెంపదెబ్బ నయం.

ఆఖరికి మాణిక్‌తోనే చెప్పింది. పోయిన తల్లి మీద ఒట్టు పెట్టింది. డాక్టరు మాటలు మళ్ళీ ఒక్కొక్కటీ వినిపించింది. అతని కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"అవ్వను లేపినవ్. రాయికోడ్ పటేలును లేపినవ్. ఎవలెవలో తెల్వనోళ్ళను లేపినవ్. నా కాడికొచ్చేసరికి అబద్ధమాయెనా, దేవీ?"

ఆ మాటకు ఆమె ఓడిపోయింది. ఇప్పుడు కాదంటే మొగుణ్ణి మూలన పడేసిన ఆడదవుతుంది, ఊళ్ళో కాదు, అతని మనసులో. కాలు మోపీ మోపనట్టు తాకిస్తే అతనికేమీ కాదు, మనసు కుదుటపడుతుంది, తరవాత ఎండాకాలం దాకా చెప్పినట్టు పడుకుంటాడు అని లెక్క వేసుకుంది. తన కాలి సంగతి ఆమెకు తెలుసు. నమ్మినవాడి సంగతి మరిచిపోయింది.

ఆ పొద్దున పార్వతమ్మ తన చేత్తోనే కోడలి మెడలో పుస్తె తీసి దేవుడి గూట్లో పెట్టింది. మెట్టెలు వేళ్ళకు పట్టుకుపోయి ఉంటే నూనె రాసి లాగారు. మాణిక్‌ను బోర్లా తిప్పడానికి షరీఫ్‌ను పిలిస్తే అతను రాలేదు. ఈ పని నా చేత కాదు భాభీ, డాక్టర్ సాబ్ మాట జర యాద్ చేసుకో అని కబురు పంపాడు. పక్కింటివాళ్ళు వచ్చి తిప్పారు. మాణిక్ పండ్లు బిగబట్టాడు.

దేవమ్మ కాలెత్తింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన పాదం మొగుడి వీపు మీద పడుతోంది. ఆ వీపును ఆమె ఎన్నిసార్లు తోమిందో, ఎక్కడ బస్తా రాసుకుని కాయ కాసిందో, ఎక్కడ పుట్టుమచ్చ ఉందో ఆమెకు తెలుసు. వేళ్ళు ఆనీ ఆనకుండా తాకించింది. మూడోసారికి కళ్ళు కనపడలేదు. మెట్టెలు లేని వేళ్ళ మీద తెల్లని చారలు తానే చూడలేక చప్పున చీర లాక్కుంది.

మాణిక్ కాసేపు ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. తరవాత అరచేతులు ఆనించి లేచి కూర్చున్నాడు. దేవమ్మ వద్దు వద్దంటూనే ఉంది. అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు, గోడ వదిలి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. పోయిందే, సాఫ్ పోయింది అంటూ వాకిట్లోకి నడిచాడు. పార్వతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పక్కింటివాళ్ళు దేవమ్మ కాళ్ళకు మొక్కారు.

దేవమ్మ అతని కాళ్ళు పట్టుకుని కూర్చుంది. పడుకో, నీకు దండం పెడత, ఎండాకాలం దాకా పడుకో అని ఏడ్చింది. మాణిక్ వంగి ఆమెను లేవదీశాడు. వంగగలిగినందుకు అతనికే మురిపెం కలిగింది. మెడలో మళ్ళీ పుస్తె కట్టి, ఇంక నీకేం భయం లేదన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి, ఒక్క ఘడియ, ఒకే ఒక్క ఘడియ దేవమ్మ కూడా అమ్మ అబద్ధం చెప్పిందేమోనని ఆశపడింది. ఆ ఘడియను ఆమె తరవాత తన జన్మలో క్షమించుకోలేదు.

మరునాడు అతను గంజ్‌కు పోయాడు. చూసిరావడానికే పోతున్నానన్నాడు. గంజ్‌లో అతని చుట్టూ జనం మూగారు. దేవమ్మ కాలు మహిమ అంటే మహిమే అన్నారు. షరీఫ్ ఒక్కడే అతన్ని పక్కకు లాగి ఇంటికి నడవమన్నాడు. రామ్‌కిషన్ సేటు గద్దె మీద కూర్చునే నవ్వుతూ, నీ పెండ్లాం తన్నుకు తాకత్ ఉంటే ఒక బస్తా ఎత్తు చూద్దాం అన్నాడు. సరదాకే అన్నాడు. అటువంటివాళ్ళు సరదాకు అన్నవాటిని మోసేది ఇంకొకళ్ళు. మాణిక్ తన కోసం ఎత్తలేదు, పెండ్లాం పరువు కోసం ఎత్తాడు. షరీఫ్ అందుకోబోయేలోపే బస్తా వీపుకెక్కింది. తూకం వేసే కాంటా దాకా నడిచాడు. కాంటా దగ్గర, ఎవరో కాళ్ళ కింద నేల లాగేసినట్టు కూలబడ్డాడు. ఈసారి డాక్టరు అరికాళ్ళలో సూది గుచ్చితే అరవలేదు.

లేవనిచ్చిందెవరని డాక్టరు అడిగాడు. దేవమ్మ ముందుకొచ్చి, నేనే అంది. జరిగిందంతా చెప్పింది, తన పుట్టుక సంగతితో సహా. డాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పిన నిజాన్ని నమ్మినవాడు ఆ ఊళ్ళో ఆయనొక్కడే, నమ్మినందువల్ల ఇక ఒరిగేదేమీ లేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు, తనకు తోచిన న్యాయం చెప్పింది. దేవమ్మ కాలు లేపింది, బస్తా పడగొట్టింది అని కొందరన్నారు. ఘడియసేపైనా సరే పుస్తె తీస్తే దోషం అంటుకోదా అని కొందరన్నారు. అలా అన్నవాళ్ళలో, తన చేత్తో తీసిన పార్వతమ్మ కూడా ఉంది. కాలికేమీ మహిమ లేదన్నవాడు ఒక్కడు లేడు. పడ్డ మనిషిని ఒక్కరోజులో నడిపించిన కాలు అని పేరు మరింత పాకిపోయింది. దేవమ్మ తలుపు వేసుకుంటే తలుపు ముందే పడుకునేవాళ్ళు. గంజ్‌లో ధాన్యం చెరగడానికి పోతూ వాళ్ళను దాటుకుని పోయేది. దాటినందుకే తగ్గిందని కొందరు చెప్పుకున్నారు.

మళ్ళీ కందుల సుగ్గి వచ్చింది. ఒకనాటి పొద్దున ఇద్దరు మనుషులు రామ్‌కిషన్ సేటును రెక్కలు పట్టుకుని తెచ్చి గడప ముందు బోర్లా పడుకోబెట్టారు. గద్దె మీద కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందట. తలుపు తెరిచిన దేవమ్మ అతన్ని చూసి ఆగిపోయింది. లోపల నులకమంచం మీద నుంచి మాణిక్ తల తిప్పి చూస్తున్నాడు. ఆమె ఎన్నడూ లేనిది నియమం తప్పి నోరు విప్పింది.

"సేటూ, నా కాళ్ళల్ల ఏం లేదు. నేను తలతోనే పుట్టిన. మా అమ్మ అబద్ధమాడింది."

సేటు దుమ్ములో ముఖం పెట్టుకునే నవ్వాడు. మహిమ ఉన్నవాళ్ళు ఉన్నదని ఒప్పుకోరని తనకు తెలుసనీ, పొద్దెక్కకముందే కానిమ్మనీ అన్నాడు.

అప్పుడు దేవమ్మ తన్నింది. తాకించడం కాదు, గడప పట్టుకుని, బరువంతా కాలిలోకి తెచ్చుకుని తన్నింది. జారిన పలక కోసం తన్నింది. ఎత్తు చూద్దాం అన్న మాట కోసం తన్నింది. మూడు దాటినా ఆపలేదు. సేటు బాబోయ్ అంటుంటే మనుషులు వచ్చి ఆమెను పక్కకు జరిపారు. సేటు లేచాడు. నడుము అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఆశ్చర్యంగా ఊపిరి పీల్చుకున్నాడు. శభాష్ అనబోయి, నియమం గుర్తొచ్చి, ధోవతి దులుపుకుని వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.

మాణిక్ నడిచిపోతున్న ఆ కాళ్ళనే చూస్తున్నాడు, అవి సందు మలుపు తిరిగేదాకా. తరవాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అతని గొంతులో కోపం లేదు.

"నన్ను గట్ల తన్నలే నువ్వు. ఉత్తగ ముట్టిచ్చినవ్. నన్నొక్కన్ని మనసు పెట్టి తన్నలే."

దేవమ్మ చెప్పవలసింది ఎప్పుడో చెప్పింది. రోజూలాగే ఆముదం గిన్నె తెచ్చుకుని అతని పాదాల దగ్గర కూర్చుని, ఆమె చెయ్యి తగిలినా తెలియని ఆ కాళ్ళకు రాయడం మొదలుపెట్టింది.